ఒంటి మీద దెబ్బల్లేవు

“ఉప్పు తక్కువైందని నేనన్నానా? ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగాను. అంతే కదా?”

గురునాథరావు అన్నది నిజమే. అతను అడిగింది డబ్బా ఎక్కడుందనే. కాకపోతే ఆదివారం పూట తమ్ముడూ మరదలూ భోజనానికి వచ్చినప్పుడు, సుధారాణి పొద్దున్నించి నిలబడి వండిన చేపల పులుసు అందరూ కలుపుకుంటూండగా, కంచం కాస్త ముందుకు తోసి, చుట్టూ ఒకసారి చూసి మరీ అడిగాడు. కలుపుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. మరదలు తల దించుకుంది. వాళ్ళు వెళ్ళిపోయాక గిన్నెలు తోముతూ “నలుగురిలో అలా అనకపోతే ఏం?” అన్నందుకు వచ్చిన జవాబు అది. ఆ మాటలో తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించమంటే ఆమె చూపించలేకపోయేది.

అతని మాటలన్నీ అలాగే ఉంటాయి. స్టీల్ ప్లాంటులో తయారైన కడ్డీల కొలతలు సరిచూసే ఉద్యోగం అతనిది. మిల్లీమీటరు తేడా వచ్చినా పక్కన పెట్టిస్తాడు. ‘మా గురునాథం నోట అబద్ధం రాదు’ అని అత్తగారు బతికున్నన్నాళ్ళూ గాజువాకలో వీధంతా చెప్పుకునేది. నిజంగానే రాదు. ‘నిన్ను ఉద్యోగం మానెయ్యమన్నానా? అమ్మకి వేళకి కాఫీ అందడం లేదన్నాను.’ ‘మీ వాళ్ళని రావొద్దన్నానా? వాళ్ళొచ్చినప్పుడు నేను ఇంట్లో ఉండనన్నాను.’ పదకొండేళ్ళ కిందట ఆఫీసు ట్రైనింగుకని సుధారాణి రెండు రోజులు విజయవాడ వెళ్ళొచ్చింది. ఆ తర్వాత నలభై మూడు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. తిట్టలేదు, విసుక్కోలేదు, అన్నం మానలేదు. డ్యూటీ నుంచి రాగానే వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆమె పని చేస్తున్నంతసేపూ చూస్తూ కూర్చునేవాడు. నలభై మూడో రోజు మధ్యాహ్నం, నడి ఎండలో, ఆరిన బట్టలు తియ్యడానికి ఆమె డాబా మీదికి వెళ్ళింది. మెట్ల తలుపుకి లోపలి నుంచి గడియ పడింది. మూడు గంటల తర్వాత తలుపు తెరుచుకునేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. “గడియ వేసింది నేనే. నువ్వు పైన ఉన్నావని నాతో చెప్పావా?” అన్నాడు. అన్ని రోజుల మౌనం తర్వాత అదే మొదటి మాట. ఆమె చెప్పలేదు, నిజమే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళకి మెట్లెక్కే మనిషి కనబడుతుంది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పడానికి ఏముంది, తలుపు పొరపాటున పడింది.

సుధారాణి పనిచేసేది పాత ఊరి వైపున్న ఒక కుటుంబ సలహా కేంద్రంలో. మొగుళ్ళతోనో అత్తలతోనో వేగలేక వచ్చిన ఆడవాళ్ళు చెప్పింది విని కాగితం మీద పెట్టడం ఆమె పని. అందులో ఆమెది అందెవేసిన చెయ్యి. ‘సంపేత్తాడమ్మా’ అని ఏడుస్తూ వచ్చిన మాట ఆమె కలం కిందికి రాగానే ‘ప్రాణహాని ఉందని అర్జీదారు అనుమానం వ్యక్తం చేశారు’ అయిపోతుంది. ఏడుపు కాగితానికి అంటదు. ఇన్‌ఛార్జి మేడమ్‌కి ఆమె రిపోర్టులంటే గురి.

ఆశ అక్కడికి మూడుసార్లు వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. తల్లి పోతమ్మ హార్బర్ దగ్గర చేపలమ్ముతుంది. మొగుడు బాబీ బోటు మీద వేటకి పోతాడు. మొదటిసారి పెదవి చిట్లి వచ్చింది, రెండోసారి కన్ను వాచి వచ్చింది. అప్పుడు బాబీని పిలిపించి, ఇకమీదట కొట్టనని రాయించి సంతకం తీసుకున్నారు. మూడోసారి వచ్చింది మే నెలలో, సర్కారు సముద్రం మీద వేట ఆపించిన రోజుల్లో. మొహం మీద ఏమీ లేదు. వస్తూనే కుర్చీని గోడ దాకా లాక్కుని, వీపు గోడకి ఆనించి కూర్చుంది.

“ఈ నెల్లో కొట్టాడా?” అని అడిగింది సుధారాణి, ఫారం తీసి.

“కొట్టనేదమ్మా.”

“సంతకం పెట్టాక ఒక్కసారైనా?”

“నేదు. మానీసినాడు.”

“మంచిదే కదా మరి?”

ఆశ కాలి వేళ్ళు నేలని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. “వేట బందు కదమ్మా. పొద్దల్లా ఇంట్లోనే ఉంటన్నాడు. ఏటీ అనడు. కూకుని సూత్తన్నాడు. నాను బియ్యం కడిగినా సూత్తాడు, తల దువ్వుకున్నా సూత్తాడు. కొట్టినప్పుడే నయమమ్మా, ఎప్పుడైపోద్దో తెలిసీది. ఇప్పుడు నాకు బయమేత్తంది. నన్ను ఆ ఇంటికి అంపకండి.”

సుధారాణి కలం ఆగింది. ఆ మాట అర్థం కాక ఆగలేదు, అర్థమై ఆగింది. గాజువాకలో తన వంటిల్లు, గుమ్మానికెదురుగా కుర్చీ, వీపు మీద ఆ చూపు, అన్నీ ఈ పిల్లకి ఎవరు చెప్పారా అనిపించింది. ఫారంలో కొట్టడానికి ఒక గడి ఉంది, తిట్టడానికి ఉంది, తాగుడికి ఉంది. చూడటానికి లేదు. అదొక కష్టమేనని రాస్తే, దాని కింద తన సంతకం పెడితే, తన ఇరవై రెండేళ్ళ కాపురాన్ని ఏమనాలి? “మగాడు ఇంట్లో ఉంటే చూడక ఏం చేస్తాడమ్మా? వేట మొదలైతే అదే సర్దుకుంటుంది. వెళ్ళు,” అంది. ఆ తర్వాత రాసింది. ‘ఈ నెలలో భర్త తనను కొట్టలేదని అర్జీదారు స్వయంగా చెప్పారు. భర్తలో మార్పు వచ్చింది. ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళారు.’

బయట బెంచీ మీద బాబీ కూర్చుని ఉన్నాడు. ఆశ గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఏమీ అడగని చూపు అది.

పదకొండో రోజు పొద్దున్న హార్బర్ అవతల బండరాళ్ళ మధ్య ఆమె దొరికింది. రాత్రి బయటికి వెళ్ళింది, కాలు జారి ఉంటుంది అన్నాడు బాబీ. నీళ్ళు మింగి పోయిందన్నారు డాక్టర్లు. ఒంటి మీద దెబ్బల్లేవు.

ఆ రోజు నుంచి సుధారాణికి ఇంట్లో ఏ పనిలో ఉన్నా ఆశ మాట వినబడటం మొదలైంది. బియ్యం కడుగుతూ నీళ్ళు వంచబోతుంటే ‘కూకుని సూత్తన్నాడు’. తల దువ్వుకుంటూ చిక్కు తీస్తుంటే ‘కొట్టినప్పుడే నయమమ్మా’. అరుపు కాదు, ఏడుపూ కాదు. పక్కింటావిడ పప్పు అప్పు అడిగినంత మామూలుగా. స్టవ్ దగ్గర వీపు గుమ్మం వైపు పెట్టి నిలబడలేకపోయేది. ఒకరోజు కూరగాయల పీటని గోడ వారకి జరిపి, వీపు ఆనించి కూర్చున్నాక చూసుకుంది, తన కాలి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ఆఫీసులో ఆశ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని ఆయా ప్రతిరోజూ బల్ల దగ్గరికి జరిపేది. మధ్యాహ్నానికల్లా అది మళ్ళీ గోడ దగ్గరుండేది. ఎవరు జరిపారని సుధారాణి అడగలేదు. తనే జరిపిందేమోనని భయం.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు పోయిన పిల్ల కాబట్టి విచారణ పెట్టారు. ఆగస్టులో సుధారాణికి నోటీసు వచ్చింది. బాబీ తరఫు వాళ్ళు ఆమె రాసిన రిపోర్టునే ముందు పెట్టారు. కొట్టడం మానేశాడని పెళ్ళామే చెప్పింది, ఇదిగో ప్రభుత్వ కాగితం. ఇన్‌ఛార్జి మేడమ్ ఫోన్ చేసి, “మీ రిపోర్టు పక్కాగా ఉంది, మనకేం ఇబ్బంది లేదు,” అంది.

గురునాథరావు నోటీసు రెండుసార్లు చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. “నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. అడిగినదానికి అవును, కాదు. అడగనిది నీకెందుకు? ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చేయ్,” అన్నాడు. విచారణ రోజు తనే బండి మీద తీసుకెళ్ళి విచారణాధికారి ఆఫీసు ముందు దింపాడు. “ఆరింటికల్లా ఇంట్లో ఉంటావుగా,” అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ప్రశ్న కాదది.

వరండాలో బెంచీ మీద పోతమ్మ కూర్చుని ఉంది. సుధారాణిని చూసింది గానీ పలకరించలేదు.

లోపల విచారణాధికారి నెమ్మదైన మనిషి. పక్కన గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“ఈ రిపోర్టు మీ చేతిరాతే కదమ్మా?”

“అవును సార్.”

“భర్త కొట్టలేదని ఆశ మీతో చెప్పిందా?”

“చెప్పింది.”

“ఇందులో అబద్ధమేదైనా ఉందా?”

“లేదు సార్.”

“అయితే సంతకం పెట్టి వెళ్ళండి.”

గుమాస్తా కాగితం జరిపాడు. సుధారాణి పెన్ను తీసుకుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు నెలలుగా చెవి పక్కన ఉన్న ఆ గొంతు కూడా లేదు. తను ఏం చేస్తుందో చూద్దామని ఆ పిల్ల ఊపిరి బిగబట్టినట్టుంది.

“ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది సార్,” అంది సుధారాణి. “నేను రాయలేదు.”

ఆశ చెప్పిందంతా చెప్పింది. బియ్యం కడగడం, తల దువ్వుకోవడం, ఇంటికి పంపొద్దని అడగడం. తను ‘వెళ్ళు’ అనడం. గుమాస్తా టైపు చేస్తుంటే తెర వైపు వంగి చూసింది. “‘చూస్తున్నాడు’ అని కొట్టారు. ‘సూత్తన్నాడు’ అంది. అలాగే ఉంచండి.”

“అప్పుడెందుకు రాయలేదు?”

“ఫారంలో దానికి...” అని ఆగిపోయింది. గడి లేదు. అది కూడా నిజమే. “గడి లేక కాదు సార్. రాయాలనిపించలేదు.”

“బాబీయే చంపాడంటారా?”

“నాకు తెలీదు. నేను చూడలేదు. ఆ పిల్ల భయపడింది, పంపొద్దని అడిగింది, నేను పంపాను. నాకు తెలిసింది ఇది.”

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “కొట్టని మనిషంటే భయమేమిటమ్మా? రేపు కోర్టులో ఇదే అడుగుతారు.”

“నాకు పెళ్ళై ఇరవై రెండేళ్ళు,” అంది సుధారాణి. “మా ఆయన ఒక్కసారి కూడా నా మీద చెయ్యెత్తలేదు. ఇవాళ ఇంటికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది. ఆ పిల్ల మాట రాస్తే నా గురించి రాసినట్టవుతుందని రాయలేదు. ఇదీ కొట్టండి.”

గుమాస్తా అధికారి వైపు చూశాడు. ఆయన తలూపాడు.

బాబీ మీద కేసు కట్టారు, అదింకా నడుస్తోంది. సుధారాణిని కేంద్రం నుంచి తీసేశారు. ఆ సాయంత్రం ఆమె ఆరింటికి గాజువాక చేరలేదు. ఎలమంచిలిలో అక్క ఇంటికి బస్సెక్కింది. ‘నిన్ను ఇంట్లోంచి పొమ్మన్నానా?’ అని గురునాథరావు తర్వాత చుట్టాలందరి ముందూ అడిగాడు. అనలేదు, నేనే వచ్చేశాను, అని మాత్రం చెప్పింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం ఆమె బయటికి వచ్చేసరికి పోతమ్మ ఇంకా బెంచీ మీదే ఉంది. ఈసారి ఆమే పిలిచింది.

“నా పిల్ల సెప్పింది సెప్పినావా?”

“సెప్పానమ్మా. అంతా సెప్పాను.” ఎన్నో ఏళ్ళుగా ఆఫీసులో దాచుకున్న సొంత ఊరి మాట తనకి తెలియకుండానే నోట్లోకి వచ్చేసింది.

పోతమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో తడి ఎప్పుడో ఇంకిపోయింది. “ఆ దినమే రాసుంటే నా పిల్ల బతికుండీదా?”

‘ఎవరు చెప్పగలరమ్మా’ అన్న మాట సుధారాణి నాలిక చివరి దాకా వచ్చింది. నిజంగానే ఎవరూ చెప్పలేరు. ఆ మాట అనేసి, ఆ ముసలి చెయ్యి ఒకసారి పట్టుకుని, బస్టాండుకి నడిచిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆమె బెంచీ మీద కూర్చోలేదు. పోతమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

“రాసుంటే నీ పిల్లని ఆ ఇంటికి పంపకపోదును అమ్మా,” అంది. “నానే పంపీసినాను.”