నా నడిమి గిన్నె

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారియర్‌ని. అందులో నడిమి గిన్నె మూడేళ్ళుగా కనబడటం లేదు. అది క్షేమంగా ఉందన్న కబురు ఇవాళ పొద్దున, నన్ను తోముతుండగా వచ్చింది. మా నళిని సబ్బు చేత్తోనే ఫోను స్పీకరు నొక్కి గట్టు మీద పెట్టింది.

"ఒసేయ్ నళినీ, కాత్యాయనినే. నీ గిన్నె నా దగ్గరే ఉందే!"

నా మూత ఖంగుమని కింద పడింది. చెయ్యి జారిందనుకుంది నళిని. కాదు, అది నా కోపం.

ఆ కాత్యాయని మీద నాకు పగ. నళిని కాలేజీలో చేరినప్పుడు వాళ్ళ మేనత్త నన్ను కొని, మూడు గిన్నెల మీదా కొట్లోనే నళిని పేరు చెక్కించింది. ఆ సూది గరగర ఇంకా ఒంట్లో ఉంది. రాజమండ్రి హాస్టల్లో ఈ ఇద్దరూ నా మూతలోనే అన్నం కలుపుకుని తిన్నారు. గదులు ఖాళీ చేసిన రోజు కాత్యాయని నా నడిమి గిన్నె నిండా గోంగూర పచ్చడి పెట్టుకుని నరసాపురం రైలెక్కింది. "వారంలో ఇచ్చేస్తానే" అంది. మనుషుల వారం ఎంత పొడుగో నాకప్పుడు తెలియదు.

నళిని పెళ్ళయి కాకినాడ వచ్చాక నా గతి చూడండి. ఆమె భర్త వంశీధర్ నా ఖాళీలో ఒక ఐస్‌క్రీం డబ్బా దూర్చాడు. ప్లాస్టిక్కు! గులాబీ రంగు! రోజూ ఎనిమిదిన్నరకి దాన్ని నడుముకి కట్టుకుని ఆఫీసుకి పోవాలి. ఊరుకున్నానా? వారానికి రెండుసార్లు పప్పుచారు ఒలకబోసి ఆయన కాగితాలు తడిపాను. ఆయన మాత్రం ఆ మరకలు చూసి పెళ్ళాం గుర్తొచ్చి నవ్వుకునేవాడు. పగ తీర్చుకోవడానికి కొత్త పెళ్ళికొడుకంత పనికిరానివాడు లేడు.

"దొంగమొహమా, నా పెళ్ళికైనా రాలేదేం?" అంది నళిని.

"ఉత్త గిన్నె పట్టుకుని ఎలా రానే? ఆవకాయ పెట్టి ఇద్దామంటే ఆ ఏడు బూజు పట్టింది. సున్నుండలు చుడితే తమ్ముడు మింగేశాడు. నీ పెళ్ళికని కజ్జికాయలు చేస్తే నూనెలో విచ్చిపోయాయి. సిగ్గేసి ఫోను కూడా మానేశా."

ఇంకొకరి గిన్నెని ఖాళీగా తిప్పి ఇవ్వకూడదట. అందుకని స్నేహితురాలినే వదులుకుంది! వీళ్ళా నన్ను తయారుచేసిన తెలివైనవాళ్ళు?

"ఇవాళ బొబ్బట్లు కుదిరాయే" అంది కాత్యాయని. "నీకు నా మొహం చూడాలని లేకపోతే పార్సిల్లో పంపేస్తా."

పంపెయ్యమను, గిన్నె వస్తే చాలు, ఇక ఆ పిల్ల పొడ మనకొద్దు అని నేను అరుస్తూనే ఉన్నాను. కుళాయి కారుతోంది. నళిని సబ్బు చేత్తో కళ్ళు తుడుచుకుంది, ఇంకా ఎక్కువ నీళ్ళు వచ్చాయి.

"పార్సిల్ చేశావో, చంపుతా. నేనే వస్తున్నా."

ఫోను పెట్టేసి వంటింట్లోంచే కేకేసింది. "ఏమండీ! రేపు ఎనిమిదిన్నర లేదు, క్యారియర్ కట్టడం లేదు. సెలవు చెప్పెయ్యండి, నరసాపురం వెళ్తున్నాం."

"నేనెందుకు?"

"గిన్నె మొయ్యడానికి. ఈ గులాబీ డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్ళి, వాళ్ళింట్లో వదిలేసి వచ్చేద్దాం."

"డబ్బా పోతుందిగా?"

"పోనీండి. కాత్యాయని దాన్ని ఖాళీగా తిప్పి ఇవ్వదుగా. నింపుకుని మనింటికి రావలసిందే. వచ్చినప్పుడు మళ్ళీ ఏదో ఒకటి ఇచ్చి పంపుతాను."

నాకు మూత దాకా జిల్లుమంది. గులాబీ రంగు శత్రువుకి దేశబహిష్కారం. కాత్యాయనికి జన్మంతా వంట శిక్ష. ఇంత తీయని పగ ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదు!

నళిని చింతపండు నానబెడుతూ ప్రకటించింది.

"రేపు పొద్దున్నే మొదటి రైలు. ఇక్కడ డబ్బా ఎవరూ మర్చిపోకూడదు. అక్కడ మాత్రం ఇద్దరం మర్చిపోవాలి."