ముంగిస దాఁటిన దిక్కు

గ్రీష్మము వెడలిపోవుటకు మనసొప్పకయు వర్షర్తువు ప్రవేశించుటకు ధైర్యము చాలకయు రెండును కాకినాడ పట్టణపు శివారున నెదురెదురుగా నిలిచి తమరు ముందు దయచేయుఁడని యొండొంటికి మర్యాదలు చేసికొనుచున్న యాషాఢమాసారంభ దినములవి. పడమటినుండి బయలుదేఱిన నీలజీమూతపంక్తులు ప్రతిదినము మూఁడవజాము వేళకు రెవిన్యూ ఉద్యోగుల కాలనీమీఁదికి వచ్చి గృహిణులు మేడమీఁద నాఱవేసిన బట్టలను పరుగుపరుగున దీసికొనువఱకు గర్జించి పిమ్మటఁ దమ పని ముగిసినట్లు తూర్పునకు సాగిపోయి యెవ్వరికిని నీటికొఱఁత లేని సముద్రముమీఁద ధారాళముగాఁ గురియుచుండెను. స్వేదజలసిక్తులైన కాలనీవాసులు కుర్చీనుండి మంచమునకును మంచమునుండి కుర్చీకిని మాఱుచు నెచ్చటను నిలువలేకుండిరి.

వారిలో నెల్ల మిక్కిలి నిలువలేకున్నవారు మూఁడవ వీథి చివర తూర్పువాకిలి యింట నివసించు విశ్రాంత సబ్‌రిజిస్ట్రారు కల్లూరి అవధానులుగారు. ముప్పదియేండ్లు పరుల స్థలముల నాలుగు సరిహద్దులను గడగడఁ జదివినవారయ్యుఁ దమ యింట పంచదార డబ్బా యే దిక్కున నుండునో యెఱుఁగని మహనీయులు. ఆ సోమవారమున వారి ధర్మపత్ని భ్రమరాంబకుఁ గుడిచంక క్రిందఁ గానవచ్చిన గడ్డనుండి వైద్యురాలు సూదితోఁ గొంచెము తీసి పరీక్షకుఁ బంపి శుక్రవారము పదిగంటలకు ఫలితము చెప్పెదననెను. అది ప్రాణాపాయకరమగునా కాదా యను ప్రశ్న నాఁటినుండి మూఁడవ మనిషివలె నా దంపతుల నడుమఁ గూర్చుండి భోజనము చేయుచుండెను. అవధానులుగారు దానిని ‘ఆ కాగితం’ అని మాత్రమే పేర్కొని యంతకుమించి భార్యతో నొక్కమాటయు నాడరైరి. భయమైనదని భార్యతోఁ జెప్పుట తమ వంశమున నింతవఱకెవ్వరును చేసియుండని కార్యము గావున దానికి మాఱుగా వారు జంతువులను విచారింపఁ దొడఁగిరి.

మంగళవారము గోడమీఁది బల్లి పలుకఁగాఁ బంచాంగము తెఱచి శుభమని చదివి సంతసించి కండ్లద్దములు తుడిచికొని మఱలఁ జూడఁగాఁ దాము చదివినది ప్రక్క వరుస యని తెలిసెను. ప్రహరీమీఁది కాకి యింటివైపు చూచి యఱచుట మేలా వీథివైపు చూచి యఱచుట మేలా యని తర్కించుచుండ నా కాకి యిరువైపులఁ జూచి యఱచిపోయెను. ఉడుతయొకటి జామకొమ్మమీఁద మూఁడుమాఱులు తోఁక యాడింపఁగా దానికి శాస్త్రమునందేమియు లేదని యెఱిఁగియు నరగంటసేపు కలఁతపడిరి. వాకిటినుండి పెరటికిని పెరటినుండి వాకిటికిని వారు కావించు ప్రదక్షిణములను జూచి తల తిరుగుచున్నదని భ్రమరాంబ కాఫీ చల్లాఱునంతసేపైన నొకచోఁ గూర్చుండుమని వేఁడుకొనెను. వారు కూర్చుండిరి. కాఫీ చల్లాఱకమునుపే లేచిరి.

బుధవారము ప్రాతఃకాలమున నింటి కుత్తరముగానున్న ఖాళీస్థలమందలి రాళ్లకుప్పనుండి యొక ముంగిస వెడలి వీథి దాఁటి దక్షిణమునఁగల మురుగుకాలువ ప్రక్కకుఁ బోయెను. వాకిట నిలిచి తూర్పుమొగమై యున్నవారికది యెడమనుండి కుడికి. అట్లు ముంగిస దాఁటినఁ దలఁచిన కార్యము జయమని వారి నాయనమ్మగారి సిద్ధాంతము. అవధానులుగారి హృదయమున మూఁడుదినములలో మొదటిమాఱుగా చల్లగాలి వీచెను. శుక్రవారము భ్రమరాంబ గేటు దాఁటు క్షణముననే యీ ముంగిస యామె యెదుట నిట్లే దాఁటవలయునని వారు నిశ్చయించుకొనిరి. ఇట్టి విషయమును దైవమునకు విడిచిపెట్టుట వారి యుద్యోగధర్మమునకు విరుద్ధము. సాక్షులు తమంతఁదాము వచ్చెదరని కూర్చున్నచో నే దస్తావేజు రిజిస్టరగును?

ముంగిసకు గుడ్లన్నఁ బ్రీతియని వారెచ్చటనో చదివియుండిరి. పుట్టి బుద్ధెఱిఁగి గుడ్డును ముట్టని యా శాకాహారి ప్రక్కయింటి ప్రహరీయొద్దకుఁ బోయి విశ్రాంత బస్సు డ్రైవరు కొప్పిశెట్టి తాతబ్బాయిని దొంగచూపులతోఁ బిలిచి మూఁడు గుడ్లడిగిరి.

“ఎవరికండీ?” అని తాతబ్బాయి యడిగెను.

“ఒకాయనకండి.”

“ఉడకబెట్టిమ్మంటారా, అట్టేయించమంటారా?”

“పచ్చివే తింటాడండి.”

తాతబ్బాయి యవధానులుగారి బక్కపలుచని భుజములను గొంతసేపు పరికించి, “అర్థమైందండి. ఈ వయసులో కొంచెం నెమ్మదిగా మొదలెట్టమనండి ఆయన్ని. బరువులవీ ఒకేసారి ఎత్తకూడదు” అని గుడ్లు కాగితమునఁ జుట్టి యిచ్చెను. ఎవ్వరికిని చెప్పనని యతఁడు ప్రమాణము చేయుటచే నవధానులుగారు కసరత్తు చేయుచున్నారన్న వార్త కాలనీ యంతట మధ్యాహ్నమునకుఁ గాని ప్రాఁకలేదు.

గురువారము పరీక్షార్థమొక గుడ్డును కాలువప్రక్కఁ బెట్టఁగా నెనిమిదిన్నరకు ముంగిస రాళ్లకుప్పనుండి వచ్చి యెడమనుండి కుడికి నిష్కళంకముగా వీథి దాఁటెను. అవధానులుగారు పరమానందభరితులై యప్పుడే లోనికేఁగిరి. గుడ్డు నోటఁ గఱచుకొన్న జంతువు పిదప నింటికిఁ బోవునన్న సంగతి విచారించుటకు వా రచట నిలువరైరి.

శుక్రవారము వచ్చెను. అవధానులుగారు వేకువనే స్నానము చేసి కాలువప్రక్క నొక గుడ్డుంచి రెండవదానిని ముందుజాగ్రత్తకై చేతఁ బట్టుకొని గేటుకు లోపల నిలిచిరి. ఆటో మలుపునఁ గాచియుండెను. భ్రమరాంబ యింటఁ బెరటితలుపు గడియను మూఁడవమాఱు చూచుచుండ రాళ్లకుప్పనుండి ముంగిస తల యెత్తెను. అవధానులుగారు భార్యను రమ్మనుటకు సంకేతముగా దగ్గిరి. ముంగిస వీథిలోనికి దిగెను. ఇంకను గట్టిగా దగ్గిరి. ముంగిస యెడమనుండి కుడికిఁ జరిత్రలోఁ బేర్కొనఁదగినంత సలక్షణముగా దాఁటుచుండ వారు గుండెలు పగులునట్లు దగ్గిరి.

“మిరియాల పాలు పెట్టనా?” అని లోపలినుండి వినవచ్చెను.

అక్కఱలేదని చెప్పుటకుఁ దగ్గినదగ్గుచే వారికి గొంతు రాలేదు. అంతలో భ్రమరాంబ తాళము వేసి చెప్పులు తొడిగి గేటు దాఁటి వీథి యంచున నిలిచెను. సరిగా నప్పుడు ముంగిస గుడ్డును నోటఁ గఱచుకొని కాలువప్రక్కనుండి తన నివాసమునకై బయలుదేఱి కుడినుండి యెడమకు నడువీథికి వచ్చి యామెను జూచి ఠక్కున నిలిచెను. అవధానులుగారి మొగము పాలిపోయెను.

“భ్రమరా, ఆగు. అడుగు తీసి అడుగెయ్యకు. ఇంకోటుంది, ఇంకోసారి తిప్పుతాను” అని వారు హీనస్వరమునఁ బలికిరి.

భ్రమరాంబ ముంగిసను జూచెను. దాని నోటి గుడ్డును జూచెను. బుధవారమునుండి ప్రక్కయింటి యిల్లా లవధానులుగారి యారోగ్యమునుగూర్చి యాడిన వింతమాటలన్నియు నొక్కసారిగా నామెకు బోధపడెను.

“ఎటునుంచి ఎటు వెళ్తే మంచిదేంటి?” అని మెల్లగా నడిగెను.

“ఎడమనుంచి కుడికి.”

భ్రమరాంబ నిలిచినచోటనే వీథికి వీఁపు చేసి యింటివైపు తిరిగెను. ఇపుడామె కుత్తరము కుడిచేయి. వెనుక ముంగిస తన దారిఁ బట్టి రాళ్లకుప్పలోనికిఁ బోవుచున్న గరగరధ్వని వినవచ్చెను.

“ఇప్పుడు చెప్పండి. ఎటెళ్ళింది?”

ముప్పదియేండ్ల యనుభవమంతయు వెదకినను నవధానులుగారికి నాక్షేపణ దొరకలేదు. సరిహద్దులు చదువువాఁడు నిలిచిన దిక్కునుబట్టియే కుడియు నెడమయు నేర్పడును. వారు తల యూఁచిరి. ఊఁచుచుండఁగాఁ గన్నులు చెమర్చెను.

“భయమేసిందా?” అని భ్రమరాంబ యడిగెను.

“సోమవారంనుంచీ వేస్తోంది.”

“నాకూనూ. ఆ ముక్క నాతో అంటే పోయేదిగా. పాపం పనిగట్టుకుని దాన్ని తిప్పడం ఎందుకు?”

వారిరువురును ఆటోలో సోమవారమునుండి యాడవలసిన మాటలన్నిటిని నాడుకొనుచుఁ బోయిరి. ఏది యెవ్వరు ముందు చెప్పిరో డ్రైవరునకుఁ దెలియలేదు. ఆసుపత్రిలో వైద్యురాలు కాగితము చదివి యది వట్టి క్రొవ్వుగడ్డ యనియుఁ దీయించుకొన్నను నుంచుకొన్నను వారి యిష్టమనియుఁ జెప్పెను. అవధానులుగారు కాగితమును రెండవమాఱు చదివించి ప్రతిపుట చివర సంతకమున్నదో లేదో చూచికొనిరి.

నాఁటి సాయంకాలమున వారు ప్రహరీమీఁద మోచేతులానించి యెడమనుండి కుడికి దాఁటిన ముంగిస మాహాత్మ్యమును తాతబ్బాయికి సవిస్తరముగా వినిపించిరి. తాతబ్బాయి నమ్మియు నమ్మక భ్రమరాంబవైపు తిరిగి, “నిజవేనాండీ అమ్మగారూ, ముంగిస చూశాకే బయల్దేరారా?” అని యడిగెను.

“ముంగిసనా?” అని యామె మల్లెతీఁగకు నీళ్లు పోయుచు నిదానముగాఁ బలికెను. “అది నా వెనకాల వెళ్ళిందండి. నాకెదురుగా ఉన్నది ఈయన. చేతిలో గుడ్డు గడగడా వణుకుతోంది. అది చూసి బయల్దేరాను.”

సృష్టియందలి మృగపక్షిసరీసృపములన్నియుఁ దమతమ యాఁకలివెంట నిటునటు పోవుచుండును. వానికి కుడి యెడమల లెక్క లేదు. ఆ లెక్కను మనకొఱకు చూచుచు నిలువఁగాళ్లు లేక వాకిటఁ దిరుగాడు ప్రాణి యొకటి యింట నున్నచో నింతకన్న మంచి శకునమే యడవియందును లేదు.