మాట వరస తెలియని కుర్రాడు

మా సరగోసా నగరంలో చదువుకోవడానికి వచ్చే పరదేశపు విద్యార్థులకు ఇక్కడి పద్ధతులు చెప్పడానికి మా విశ్వవిద్యాలయంవాళ్లు ఒక్కొక్కరికి ఒక స్థానిక విద్యార్థిని తోడిస్తారు. ఆ ఏడు నా వంతుకు వచ్చినవాడు కారెల్. ఎస్తోనియాలోని తార్తు అనే ఊరివాడు. ఏ గుమ్మంలోనైనా తల వంచి రావలసినంత పొడుగు. నేనుండే నాలుగో అంతస్తు వాటాలోనే ఒక గది ఖాళీగా ఉంటే అందులో దిగాడు.

నా పేరు ఇసార్బె. చెప్పవలసినవన్నీ మొదటి రోజే చెప్పేశాను. మధ్యాహ్నం రెండు దాటితే గాని ఎవరూ భోజనానికి కూర్చోరు. సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం వండుకుంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటారు. మధ్యాహ్నం కొట్లు మూస్తే అది సెలవు కాదు, కునుకు. గది కళ్లతో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకూడదు. ఉత్తరపు గాలి వీచే రోజు గొడుగు తెరవకూడదు, గొడుగే మనిషిని తీసుకుపోతుంది. గ్యాసు బండివాడు వీధిలో కేకేస్తే ఏ పనిలో ఉన్నా వదిలేసి బాల్కనీలోకి పరుగెత్తాలి. అన్నిటికన్నా ముందు నగరపాలక కార్యాలయానికి వెళ్లి ఫలానా ఇంట్లో ఉంటున్నానని నమోదు చేయించుకోవాలి. అది లేకపోతే ఇక్కడ మనిషి ఉన్నా లేనట్టే.

కారెల్ అన్నిటికీ తలూపాడు. వాడు మా భాషను వాళ్ల తాతగారి పాత పుస్తకంలో నేర్చుకున్నాడు.

"తమ హితవచనములకు మిక్కిలి కృతజ్ఞుడను" అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలని నాకు తోచలేదు. చెప్పవలసిన సంగతని ఈ ఊళ్లో ఎవరికీ తోచదు.

మా మేడకు లిఫ్టు లేదు. రెండో అంతస్తులో విసితాసియోన్ అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. అందరికీ విసి మామ్మ. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఓ రోజు ఆవిడ కూరల సంచీతో మెట్ల మలుపులో ఆయాసపడుతుంటే కారెల్ సంచీ అందుకుని గుమ్మం దాకా తెచ్చిపెట్టాడు. మామ్మ మురిసిపోయింది.

"బంగారంలాంటి కుర్రాడివి. ఇది నీ ఇల్లే అనుకో నాయనా. ఏం కావాలన్నా మొహమాటపడకు."

"ఈ గృహమా?" అన్నాడు కారెల్, రూఢి చేసుకుందామని.

"ఇదే, ఇదే" అని మామ్మ తలుపేసుకుంది.

ఆ వారంలోనే కారెల్ స్నానం మధ్యలో ఉండగా గ్యాసు అయిపోయింది. నేను ఇంట్లో లేను. తల నిండా నురగ. చన్నీళ్లు పోసుకుంటే పోయేదే, వాడు మంచుదేశపువాడు. కానీ తనకు కింద ఇంకో ఇల్లుందని వాడికి గుర్తొచ్చింది. తువ్వాలు చుట్టుకుని రెండు అంతస్తులు దిగి తలుపు కొట్టాడు.

"క్షమింపుడు. పైయింట ఉష్ణజలము నిలిచిపోయినది. ఇచ్చట స్నానము ముగించెదను."

మామ్మ నోరు తెరిచేలోపు వాడు లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు మామ్మ నన్ను మెట్ల మీద పట్టుకుంది.

"ఏమే ఇసార్బె, ఆ కుర్రాడు నిజంగానే వచ్చేస్తున్నాడే! నిన్న స్నానానికొచ్చాడు. ఇవాళ పొద్దున్నే వచ్చి నా సోఫాలో కూర్చుని పుస్తకం చదువుకుని వెళ్లాడు. నన్ను పలకరించలేదు కూడా."

"మీరే కదా మామ్మగారూ, వాడి ఇల్లే అనుకోమన్నారు?"

"అది మాట వరసకన్నానే!"

"వాళ్ల దేశంలో మాట వరస లేదట."

"లేకపోవడమేంటి? మరి మనుషులు ఎలా బతుకుతారు?"

"రావద్దని చెప్పమంటారా?"

మామ్మ ఆలోచించింది. మా అరగాన్ ప్రాంతంవాళ్ల మొండితనం దేశమంతా ఎరిగినదే. నోరు జారి అన్నా సరే, అన్నమాట వెనక్కి తీసుకోవడం మా వంశాల్లో లేదు.

"అన్నాను కదా. పడి ఉండనీ" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంతలో నమోదు గొడవ వచ్చింది. మా వాటా యజమాని కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. అద్దెకిచ్చిన సంగతి పన్నులవాళ్లకు తెలియడం ఆయనకిష్టం లేదు. నేను బతిమాలాను, కసిరాను, లాభం లేకపోయింది. కారెల్ మాత్రం ఏమీ కంగారుపడలేదు. కిందికి వెళ్లి మామ్మనే అడిగాడు.

"ఇది నా గృహమని తాము సెలవిచ్చితిరి. ఆ మాట కార్యాలయమునందు కూడ చెప్పవలెను."

మామ్మ వాణ్ణి కిందినుంచి పై దాకా చూసింది. అందుకు కొంచెం సేపు పట్టింది.

"చూడబ్బాయ్, నేను అబద్ధం మీద సంతకం పెట్టను. పెట్టానంటే నువ్వు ఇక్కడే పడుకోవాలి, ఇక్కడే తినాలి. తెలిసిందా?"

వదిలించుకోవడానికే అలా అన్నానని తర్వాత నాతో ఒప్పుకుంది. వాడు మాత్రం "అటులే" అని పైకొచ్చి పెట్టె సర్దుకున్నాడు. సాయంత్రానికి మామ్మ వెనక గదిలో ఉన్నాడు. మర్నాడు ఇద్దరూ కలిసి కార్యాలయానికి వెళ్లొచ్చారు.

మొదటి వారాలు ఇద్దరికీ కష్టంగానే గడిచాయి. బయటి చెప్పులతో ఇంట్లో తిరగడం కారెల్ చూడలేకపోయాడు. గుమ్మం పక్కన చెక్క అర ఒకటి పెట్టి, మామ్మకు ఊలు జోళ్లు కొనిచ్చాడు. ఇన్నేళ్ల జీవితంలో తన ఇంట్లో తననెవరూ చెప్పులు విప్పమనలేదని మామ్మ మేడంతా చెప్పుకుంది. చెప్పుకుంటూనే విప్పింది. ఆవిడ భోజనమయ్యాక టీవీ పెద్దగా పెట్టుకుని దాని ముందే నిద్రపోయేది. వాడు సౌండు తగ్గిస్తే లేచి తిట్టేది. గ్యాసు సిలిండరు వాడు ఒంటి చేత్తో మోసుకొచ్చేవాడు. ఆవిడ బొర్రాహ అనే కూర కాడల నూగు గీకడం నేర్పింది. ఆ కూర తినాలంటే ముందు గంటసేపు గీకాలి, అందుకే మా ఊరి కుర్రకారు దాని జోలికి పోరు. వాడు గీకుతూ కూర్చునేవాడు, ఆవిడ ఎదురుగా కూర్చుని చచ్చిపోయిన వాళ్లందరి కథలూ చెప్పేది. శీతాకాలం వచ్చేసరికి వాడి భాషలో "వలెను", "ఎదను" రాలిపోయాయి. వాటి చోట ఏం మొలుస్తున్నాయో అప్పట్లో నేను గమనించలేదు.

ఒక శనివారం మామ్మ జుట్టు సెట్ చేయించుకోవడానికి వెళ్లింది. కారెల్ వంటింట్లో ఆమ్లెట్టుకు బంగాళదుంపలు వేయిస్తున్నాడు, నేను గుడ్లు కొడుతున్నాను. బయట తాళం తిరిగిన చప్పుడైంది. మామ్మ మేనల్లుడు ఫెర్మీన్ వచ్చాడు. లొగ్రోన్యో అనే ఊళ్లో ఉంటాడు, యాభై దాటినవాడు. వెనకాల మంచి కోట్లు వేసుకున్న ఓ భార్యాభర్తలు.

"హాలుకు వెలుతురు బాగా వస్తుంది చూడండి" అంటూ లోపలికొచ్చిన ఫెర్మీన్, ఏప్రన్ కట్టుకున్న కారెల్‌ని చూసి ఆగిపోయాడు. "ఎవరయ్యా నువ్వు?"

"కారెల్‌ని. మీరెవరు నాయనా?"

"ఈ ఇంటావిడ మేనల్లుణ్ణి!"

"అయ్యో, చుట్టాలా! రండి రండి. ముందు ఆ చెప్పులు విప్పండి."

ఎందుకు విప్పారో తెలియదు గాని ముగ్గురూ విప్పారు. కోటు వేసుకున్నావిడ మేజోళ్లతో నిలబడి ఫెర్మీన్ చెవిలో, మా అందరికీ వినపడేలా, "ఇంట్లో మనిషున్నాడని చెప్పలేదే?" అంది.

"నాకే తెలియదండీ."

ఆవిడ భర్త కారెల్ వైపు తిరిగాడు. "మీరెప్పుడు ఖాళీ చేస్తారు?"

"ఖాళీ ఎందుకండీ? ఇది నా ఇల్లు. కార్యాలయంలో రాయించాను కూడా." కారెల్ దుంపలు ఓసారి కలియబెట్టాడు. "ఉల్లిపాయ వేసేదా, వద్దా? మీరు తినేదాన్ని బట్టి వేస్తాను."

వాళ్లు ఉల్లిపాయ సంగతి చెప్పలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చెప్పులు తొడుక్కున్నారు, మెట్లు దిగిపోయారు. లిఫ్టు లేని సంగతి వాళ్లకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కిందిదాకా దాని గురించే మాట్లాడుకుంటూ వెళ్లారు.

ఫెర్మీన్ అరుపులు మొదలుపెట్టేసరికి మామ్మ కొత్త జుట్టుతో వచ్చింది.

"అత్తా, ఎవడు వీడు? ఇల్లు అమ్మేద్దామంటే నువ్వే కదా 'చూద్దాంలే' అన్నావు? ఆ మాట పట్టుకుని నేను కొనేవాళ్లను వెతికి తెచ్చాను!"

"చూద్దాంలే అంటే వద్దని అర్థంరా! ఇక్కడే పుట్టి పెరిగినవాడివి, నీకా మాత్రం తెలియదూ? నువ్వేమన్నా ఎస్తోనియావాడివా?"

నాకు నవ్వొచ్చి గుడ్ల గిన్నెలోకి చూశాను. కానీ మామ్మ నవ్వలేదు. కుర్చీలో కూలబడి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, దాని పిడిని నలుపుతూ ఉండిపోయింది. అప్పుడు ఫెర్మీన్ గొంతు తగ్గింది.

"పోయిన చలికాలం మెట్ల మీద పడ్డావు. ఎవరో చూసేదాకా అక్కడే ఉన్నావు. ఫోను మోగినప్పుడల్లా నా గుండె ఆగిపోతోంది అత్తా. ఇల్లు అమ్మి వృద్ధాశ్రమంలో చేరితే అక్కడ నర్సులుంటారు."

"నీకు భయమని నాకు తెలుసురా. అందుకే కాదనలేకపోయాను. ఒక్కగానొక్క మేనల్లుడివి, నువ్వు కూడా అలిగితే నాకెవరున్నారు?"

కారెల్ పొయ్యి ఆర్పాడు. వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చున్నా ఆవిడతో సమానంగానే ఉన్నాడు.

"మామ్మా, ఇల్లు అమ్ముతావా?"

"అమ్మను."

ఆ మాట ఆవిడ అనడం అదే మొదటిసారి. పైకి అన్నాక ఆవిడే కాస్త అదిరిపడి, ఫెర్మీన్ మొహంలోకి చూసింది. ఆయన ఏమీ కూలిపోలేదు. ముక్కు తుడుచుకుని, "ఆ మాటేదో ముందే చెప్తే నేను ఇంత దూరం వాళ్లను వెంటబెట్టుకు రాకపోదును" అన్నాడు. తర్వాత, "ఉల్లిపాయ వెయ్యి బాబూ" అన్నాడు.

మామ్మకు ఉల్లిపాయ వేసిన ఆమ్లెట్టు గిట్టదు. దాని మీద అత్తా అల్లుళ్లకు పెద్ద వాదనే జరిగింది, ఇల్లు అమ్మకం మీదకన్నా పెద్దది. రెండు ఆమ్లెట్లు వేశాం.

ఆ తర్వాత ఫెర్మీన్ ఓ మేస్త్రీని తెచ్చి మెట్ల పక్కన గోడకు పట్టుకుని ఎక్కడానికి ఓ కమ్మీ బిగింపజేశాడు. నెలనెలా రావడం మొదలుపెట్టాడు. మామ్మ పడిపోతే మోగే గంట ఒకటి మెళ్లో వేసుకోవాలన్నాడు. ఆవిడ చూద్దాంలే అంది. ఆయన అర్థం చేసుకుని ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

జూన్‌లో కారెల్‌కు మా భాషలో మౌఖిక పరీక్ష పెట్టారు. నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను, లోపలి మాటలు వినపడుతున్నాయి. పరీక్షకురాలు రిటైరవడానికి దగ్గర పడ్డ ప్రొఫెసరమ్మ. చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావని అడిగింది.

కారెల్ దీర్ఘంగా నిట్టూర్చాడు.

"ఏముందమ్మా తల్లీ! మోకాళ్లు మాట విన్నన్నాళ్లు తిరుగుతాం. ఆ పైన దేవుడి దయ. మా ఆయన ఉన్న రోజుల్లో అయితే..." అని అక్కడ ఆగాడు. ఆ వాక్యం తనది కాదని వాడికి స్ఫురించినట్టుంది.

ప్రొఫెసరమ్మ మోకాళ్లకు ఏం రాస్తున్నావని అడిగింది. కర్పూరం కలిపిన సారా అన్నాడు వాడు. తనకు అది పడలేదంది ఆవిడ. మిగిలిన పరీక్ష అంతా మోకాళ్ల మీదే నడిచింది. మంచి మార్కులే వేసింది.