అమ్మ మాన్పించిన చెయ్యి

ఆ బేకరీలో కేకుల మీద పేర్లు రాసే ఆయన్ని అందరూ కేకు మాస్టారు అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. క్రీము నింపిన కోను పట్టాడంటే గీత వణికేది కాదు, అంత చేయి తిరిగినవాడు. ఒక మంగళవారం పొద్దున్న ‘శుభాకాంక్షలు’ రాస్తుండగా సగంలో కోను జారి కేకు మీద పడింది. తీద్దామంటే వేళ్ళు కదల్లేదు. ఎవరిదో పరాయి చెయ్యి అన్నట్టు దాన్ని కాసేపు చూసి, యజమానిని పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మెదడు స్కానింగు చూపించింది. ఎడమవైపు రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందని, అందుకే కుడిచెయ్యి పడిపోయిందని చెప్పింది.

"ఇంత దెబ్బకి చాలామందికి మాట కూడా పోతుంది. మీకు పోలేదు. మీది పుట్టుకతో ఎడమచేతి వాటమా?"

మాస్టారు నోరు తెరిచేలోపే పక్కనున్న తల్లి అందుకుంది. "ఉండేదమ్మా. నేనే మాన్పించాను."

"ఎడమచేతి వాళ్ళలో కొందరికి మాట మెదడుకి రెండువైపులా సర్దుకుని ఉంటుంది. ఈయనకీ అలాగే అయ్యుండొచ్చు. కచ్చితంగా చెప్పలేను. అసలు మనిషికి ఒక చెయ్యే ఎందుకు వాటమవుతుందో మాకే పూర్తిగా తెలీదు. కడుపులో ఉండగానే మొదలవుతుందంటారు."

"కడుపులోనా?" అంది తల్లి. ఆ తర్వాత చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. మాస్టారు గోడగడియారం వైపు చూస్తున్నాడు. ఆయనకు డాక్టరమ్మ వేరే ఎవరి గురించో చెబుతున్నట్టుంది.

ఇంటికొచ్చిన రోజు భార్య గిన్నెలో జావ పోసి, తినిపించబోయి ఆగి, చెంచా ఆయన ఎడమచేతికి ఇచ్చింది. ఒక్క చుక్క కింద పడకుండా తాగేశాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలీకుండా ఇంకో చెయ్యి దాచారన్నమాట" అంది భార్య.

ఆయన నవ్వలేదు. తల్లి మాత్రం తింటున్న పళ్ళెం పక్కకు నెట్టేసింది.

"బడిలో పంతులమ్మ పిలిపించి చివాట్లు పెట్టిందిరా. రోజూ సాయంత్రం నీ ఎడమచెయ్యి కుర్చీకి తువ్వాలుతో కట్టేసి రాయించేదాన్ని. నువ్వు ఏడ్చేవాడివి. నేను వంటగదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. నన్ను ఏదైనా అను నాన్నా."

ఆమెను అనడానికి ఆయన దగ్గర ఒకప్పుడు చాలా మాటలుండేవి. ఓవెన్ ముందు ఒంటరిగా నిలబడి ఏళ్ళ తరబడి లోలోపల అన్నవే. ఈ జబ్బు చేశాక, వెతికితే మాటే కాదు, కోపం కూడా దొరకలేదు. సామాను తీసేసిన గదిలో దీపం వేసి చూసినట్టుంది.

"ఏమనాలమ్మా?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

నెలన్నర తర్వాత యజమాని ఒక పాత రేకు ట్రే, కోన్లు పంపాడు, ఇంట్లో సాధన చేసుకోమని. మాస్టారు ఎడమచేత్తో రాశాడు. చెయ్యి చకచకా నడిచింది. కానీ అక్షరాలన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగబడి వచ్చాయి. భార్య చెప్పేదాకా ఆయనకా సంగతే తెలియలేదు. తుడిచి మళ్ళీ రాస్తే మళ్ళీ అంతే.

మర్నాడు తల్లి తన కళ్ళజోడు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. అడగకుండానే ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ముందు ‘అ’. ఇటునుంచి మొదలెట్టు. కంగారేం లేదు."

ఆమె అరచెయ్యి గరుకుగా, కొంచెం తడిగా ఉంది. ఆయనకు అంతవరకే తెలిసింది. ఇంకేదో తెలియాలన్న ధ్యాస కూడా లేదు. చెయ్యి మాత్రం లాక్కోలేదు. రోజుకో గంట చొప్పున రెండు నెలలు అలా కూర్చున్నారు. కుడిచెయ్యి ఆయన ఒళ్ళో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేది.

తర్వాత బేకరీలో పూటపని ఇచ్చారు. అక్షరాలు సరిగ్గానే కూర్చుంటున్నాయి, కాస్త వాలుగా. ఒకావిడ పెట్టె తెరిచి చూసి, "పిల్లలతో రాయించారా ఏంటి?" అంది. "కొత్తగా నేర్చుకుంటున్నాడండీ" అని ఇంకెవరి గురించో అన్నట్టు చెప్పి మాస్టారే మూత వేసి ఇచ్చాడు.

పని అయ్యేసరికి తల్లి బేకరీ మెట్ల దగ్గర నిలబడి ఉండేది. ఇద్దరూ కలిసి నడిచేవారు. ఒకరోజు వీధి దాటబోతూ ఆమె అడిగింది, "కోపం ఏమైనా ఉందా నా మీద?"

"ఇంకా తెలీడం లేదమ్మా" అన్నాడు. "వస్తే చెప్తాను."

ఆమె తలూపింది. లారీ ఒకటి వెళ్ళిపోయేదాకా ఆగి, దాటారు.