మెడలో మూడో తాళంచెవి

తోర్రే ఊళ్లో పగడాల వేటకెళ్లే ప్రతి పడవా తన సంపాదనలో ఒక వాటా చర్చిలోని పెట్టెలో వేసేది. మునిగిపోయినవాడి పెళ్లానికీ, కాలు విరిగినవాడికీ, సముద్రపు దొంగలు ఎత్తుకుపోయినవాడికీ ఆ పెట్టే దిక్కు. దానికి మూడు తాళాలు, ముగ్గురు సరంగుల దగ్గర మూడు తాళంచెవులు. వేటకెళ్లే సరంగు తన తాళంచెవిని పెళ్లాం చేతిలో పెట్టి వెళ్లాలి. అది కట్టుబాటు.

వలలల్లే కార్మోసీనా మొగుడి పేరు అనియెల్లో. అతన్ని దొంగలు సముద్రం అవతలున్న తునిస్‌కి తోలుకుపోయి రెండేళ్లయింది. విడిపించే సొమ్ము పెట్టెలోంచి ఇస్తామని పెద్దలు ఒప్పుకున్నారు. ఆ సొమ్ము తీసుకెళ్లి బందీల్ని విడిపించుకొచ్చే సన్యాసుల ఓడ ఇవాళ మధ్యాహ్నమే లంగరెత్తుతుంది. తప్పితే మళ్లీ ఏడాదికే.

పొద్దున్నే రెండు తాళాలు తెరుచుకున్నాయి. మూడోది సరంగు క్రెషెంజోది. అతని భార్య నున్జియా తల బాదుకుంటూ వచ్చింది.

"మెళ్లో వేసుకునే పోయాడే మహానుభావుడు! దిష్టికి కట్టుకున్న పగడం పక్కనే వేలాడుతోంది కాబోలు!"

"తాళం పగలగొట్టండి మామా," అని బతిమాలింది కార్మోసీనా.

"అందులో ఊరందరి వాటా ఉందమ్మా," అన్నాడు రెండో తాళం తీసిన ముసలి సరంగు. "ఇవాళ నీకోసం పగిలితే, రేపు ఎవడికోసమైనా పగులుతుంది."

ఆమె సముద్రంకేసి చూసింది. గాలి చచ్చింది. పడవలన్నీ తెరచాపలు వేలాడేసుకుని కనుచూపుమేరలోనే తేలుతున్నాయి.

"వదినా, తెడ్డు పట్టు!"

ఇద్దరూ చిన్న పడవలో చెమటలు కక్కుతూ దగ్గరికి చేరేసరికి క్రెషెంజో గావుకేక పెట్టాడు. "ఆగండక్కడ! వేటకెళ్లే పడవని ఆడది ముట్టుకుంటే ఒక్క పగడపు కొమ్మ పడదు!"

"నీ పడవెవడిక్కావాలి? మెడ తడుముకో!" అంది నున్జియా.

తడుముకున్నాడు. మొహం వెలవెలబోయింది. పడవలోవాళ్లు గొల్లుమన్నారు. అతను తాళంచెవి విసరబోతే, "విసిరావో, దాని వెనకే నిన్నూ నీళ్లలోకి తోస్తా!" అని పెళ్లాం గద్దించింది.

చేసేది లేక, పగడాలు లాగే కొయ్య సిలువకి వేలాడే వలలో తాళంచెవిని ముడేసి, తాడుతో వాళ్ల పడవలోకి మెల్లగా దించాడు. ఆ వల కార్మోసీనా అల్లిందే. ముడి పళ్లతో విప్పేసింది.

"అన్నా, ఈ ఏడు నీ వలలో మొదట పడింది నా మొగుడే!"

"అయితే వాడిలోనూ పెట్టెకి వాటా రావాలి!"

"రానీ, వాడిచేతే కట్టిస్తా!"

మధ్యాహ్నం గంట మోగేలోపు సొమ్ము సన్యాసుల చేతికందింది. ద్రాక్షలు కోసేవేళకి అనియెల్లో గడ్డంతో దిగాడు. రెండు పళ్లేల మకరోని తిన్నాకే మాట్లాడాడు. మరుసటి వేసవి వేటనుంచి రాగానే, ఇంటికన్నా ముందు పెట్టె దగ్గరికెళ్లి వాటా వేశాడు.

క్రెషెంజో బయల్దేరే ప్రతిసారీ నున్జియా ముందు అతని మెడ తడిమి చూస్తుంది. ముద్దు ఆ తరవాతే.