చైను లాగొచ్చు

నీలవేణి బెంగాలీ గడగడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ కాలనీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. భర్త పోయాక ఆయన ఉద్యోగం తనకొస్తే, రైల్వే వర్క్‌షాపులో బోగీలకు బ్రేకులు బిగిస్తోంది. బెంగాలీ చదవలేకపోవడం ఆమె తప్పేం కాదు. తప్పల్లా కలకత్తా ఆస్పత్రిది. ఇరవై రెండు పేజీల కాగితాన్ని ఇంగ్లీషులో, హిందీలో, బెంగాలీలో అచ్చేసి, సంతకం పెట్టమంది.

ఆరేళ్ళ కిందట తీసేసిన రొమ్ము కేన్సర్ తిరిగొచ్చింది. ఈసారి వెన్నెముకలో. మామూలు మందుకు తోడు కొత్త మాత్ర కూడా ఇస్తే జబ్బు ఇంకొంతకాలం ఆగుతుందా అని ఆ ఆస్పత్రిలో పరిశోధన చేస్తున్నారు. నీలవేణి రిపోర్టులన్నీ దానికి సరిపోయాయి. చేరాలని ఆమెకు మహా ఆత్రంగా ఉంది. కానీ చదవకుండా సంతకం పెట్టదు. కాగితం తెలుగులో కావాలంది.

అక్కడి నర్సు ఏంజెలా కూడా ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు పిల్లే. "నేను సదివి సెప్తాను కదా ఆంటీ. మూడు వారాల్లో పేర్లు తీసుకోడం ఆపేస్తారు. తెలుగు కాగితమంతే మళ్ళీ ఆస్పత్రి కమిటీ ఒప్పుకోవాల."

"నువ్వు సెప్పింది నీ మాట. కాగితం మాటేటో నాకెలగ తెలుస్తాది? మూడు వారాల్లో మేం బోగీ మొత్తం ఇప్పి, బాగుసేసి, పట్టాలెక్కించేస్తాం. మీరు ఇరవై రెండు పేజీలు తెలుగు సెయ్యలేరేటి?"

ఏంజెలా నవ్వింది. నవ్వు ఆపి, డాక్టరు గదిలోకి నడిచింది.

తరాలుగా ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళున్నారు. మన చెమట బోగీలకెక్కింది, మన పేర్లు డ్యూటీ చార్టుకెక్కాయి. మన అక్షరాలే ఎక్కడా ఎక్కలేదు. అడగలేదు కాబట్టి ఎక్కలేదు! నీలవేణి అడిగింది. రోజు విడిచి రోజు ఫోన్ చేసి మరీ అడిగింది.

పంతొమ్మిదో రోజున ఫోన్లో ఏంజెలా అరిచింది. "ఆంటీ! వొచ్చేసింది! కమిటీ ముద్ర కూడా పడిపోనాది!"

ఆ సాయంత్రమే జిరాక్సు షాపులో అచ్చు తీయించి, నీలవేణి వరండాలో కూర్చుంది. ఎదురుగా బావ తవిటయ్య, రిటైరయిన ఫిట్టరు. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, ట్రయలంతే ఎలకల మీద సేసేదే కదా?"

"ఎలకల వంతు అయిపోనాది బావా. బోగీ బాగుసేసినాక ట్రయల్ రన్‌కి నువ్వెక్కేవోడివి కాదేటి?"

"నేనే బిగించినాను కాబట్టి ఎక్కినాను."

"ఈళ్ళేటి బిగించినారో సదువుతున్నాను. ఇను."

చదివింది. కొత్త మాత్ర ఎవరికివ్వాలో, ఎవరికి మామూలు మందేనో కంప్యూటరే చీటీ తీసినట్టు తేలుస్తుంది. అది పనిచేయకపోవచ్చు. విరేచనాలు పట్టుకోవచ్చు, నోరు పూయవచ్చు. తవిటయ్య బీడీ ఆర్పేశాడు. పద్నాలుగో పేజీలో ఆమె నాలుకకు బ్రేకు పడింది.

"పాల్గొనువారు ఏ దశలోనైనను కారణము తెలుపకయే ఉపసంహరించుకొనవచ్చును."

ఇదా తెలుగు? ఎవడికోసం రాసినట్టు? నీలవేణి ఏంజెలాకి ఫోన్ కలిపింది.

"వొద్దనిపిస్తే మానేయొచ్చు ఆంటీ. ఎప్పుడైనా. ఎందుకని ఎవులూ అడగరు. మామూలు వైద్యం మామూలుగానే సేస్తారు."

నీలవేణి కుర్చీలోంచి లేచిపోయింది. వెన్ను కలుక్కుమన్నా పట్టించుకోలేదు.

"చైను బావా! చైను లాగొచ్చు!"

"కారణం సెప్పకుండానా?"

"సెప్పకుండానే!"

"జరిమానా?"

"నేదు!"

తవిటయ్య నోరు తెరిచాడు. "నలభై ఏళ్ళ సర్వీసు నాది. అలాటి బండి నేనెప్పుడూ సూడనేదమ్మా." బీడీ కట్ట జేబులో పెట్టుకుని, "రేపు ఎన్నింటి లోకల్‌కి పోదాం?" అన్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు ప్రతి పేజీ గురించీ అడిగాడు. ప్రతి పేజీకీ ఆమె జవాబు చెప్పింది. సందేహాలున్నాయా అన్నాడు.

"డౌటు నేదు, గొడవుంది. పద్నాలుగో పేజీలో ఆ ముక్క మార్చండి. నా ఎనకాల వొచ్చే ఆడదానికి సదివితే తెలియాల."

ఏంజెలా ఆ తెలుగు వాక్యంలో చిక్కేమిటో డాక్టరుకు విడమరిచి చెప్పి, కమిటీకి పంపడానికి రాసుకుంది. సంతకం గడిలో నీలవేణి తెలుగులో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసింది. గడి చాలక అక్షరాలు బయటికొచ్చాయి.

తిరుగు బండిలో తవిటయ్య తలెత్తి ఎర్ర చైనునే చూస్తున్నాడు.

"అటు సూడకు బావా," అంది నీలవేణి నవ్వుతూ. "ఇప్పుడే కదా ఎక్కినాను!"