ఎర్రగుడ్డ కట్టిన మంచుబండి

ముసలి ఎవర్ట్ పొద్దున్నే మంచుబండి తీసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ముందు కుర్చీ, కింద రెండు పొడవాటి ఇనుప పట్టాలు. వెనక నిలబడి ఒంటికాలితో మంచును తన్నుతూ పోయే బండి అది. తన ఇల్లెక్కడో కూడా గుర్తుండని మనిషి. బయట ఎముకలు కొరికే చలి. చీకటి పడేలోగా దొరక్కపోతే, ఇక దొరికేది శవమే.

ఆ బండి ఎవర్ట్ సొంతంగా చేసుకున్నది. దానికి ఒక్క ఫొటో లేదు. అందుకే కూతురు రాగ్న పక్కింటి టోర్కెల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఫర్నిచర్ కేటలాగుల కోసం, అసలు లేని సోఫాలను కంప్యూటర్లో ఉన్నట్టు చూపించడం అతని ఉద్యోగం.

"ఒరేయ్, ఉత్తుత్తి సోఫాలు చేస్తావుగా. నాన్న ఫొటోలో బండి పెట్టలేవా?"

"నువ్వు చెప్తూ ఉండక్కా, నేను చేస్తా. కుర్చీ రంగేంటి?"

"ఆకుపచ్చ. పిడి నల్లది. వెడల్పు... నీ పొట్టంత." ఏడుస్తూనే అంది.

ఫొటోలో ఎవర్ట్ గేటు మీద చేతులు వేసి నిలబడి ఉన్నాడు. టోర్కెల్ కంప్యూటర్లో బండిని తయారుచేసి, గేటు చెరిపేసి, ఆ చేతుల కింద పిడి పెట్టాడు. ఎండ ఎడమ నుంచి పడుతోంది; నీడను కుడికి, కాస్త నీలంగా పరిచాడు. పట్టాలు మంచులోకి అంగుళం దిగేలా చేశాడు. అయినా అతికించినట్టే ఉంది. మరీ శుభ్రంగా ఉన్నదాన్ని కన్ను నమ్మదు. కేటలాగు బల్లల మీద కాఫీ మరక వేసినట్టే, చెయ్యి అలవాటు కొద్దీ, కుడి పిడికి వెలిసిపోయిన ఎర్రగుడ్డ ముక్క కట్టాడు. బండికి ప్రాణం వచ్చింది.

రాగ్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అదే. అదేరా!"

ఫొటో ఊళ్లో ప్రతి ఫోనుకూ చేరింది.

గాలింపు జట్టు నాయకురాలు యోర్డిస్ మధ్యాహ్నం ఫోన్ చేసింది. "సోఫాల మాంత్రికుడా, నీ బొమ్మ పనిచేసింది! కలప మిల్లు దారిలో లారీ డ్రైవర్ చూశాడట. జట్టునంతా అటు మళ్లించేశా."

"ఎవర్ట్‌నేనా? ఖాయమా?"

"ఖాయమే. కుడి పిడికి ఎర్రగుడ్డ ఉందన్నాడు. ఇంకో ఇద్దరూ అదే మాట. సరస్సు దగ్గర ఒకావిడ ఏదో బండిని చూసిందిలే, దానికి గుడ్డ లేదంది. ఆవిడని వదిలేశా."

టోర్కెల్ కుర్చీలోంచి లేచాడు.

"యోర్డిస్, ఆ గుడ్డ నేను కట్టింది."

"ఏంటి?"

"నిజంలా ఉండాలని నేనే పెట్టా. వాళ్లు చూసింది నా బొమ్మని. ఆవిడ చూసిందే అసలు బండి. సరస్సుకి పద!"



"ఓరి దరిద్రుడా," అంది ఆమె మెల్లగా. "మిల్లు సరస్సుకి అవతలి ఒడ్డున ఉందిరా. జట్టంతా వంతెన మీదుగా చుట్టి రావాలి."

రాగ్న, టోర్కెల్‌లతో కలిసి జట్టు సరస్సు చేరేసరికి వెలుగు పోయింది. టార్చిలైట్లు రెల్లుదుబ్బుల పక్కన బండిని పట్టుకున్నాయి. దాని వెనకే ఎవర్ట్, చంటిపిల్లాడిలా ముడుచుకుని. జట్టుతో వచ్చిన డాక్టరమ్మ అతని మెడ మీద వేళ్లు పెట్టి చూసింది.

"కాస్త ముందొచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

రాగ్న తండ్రి కనుబొమల మీది మంచు తుడిచింది. తర్వాత బండి వైపు తిరిగి కుడి పిడి తడిమింది.

"గుడ్డేదిరా?"

"అక్కా..."

"ఎర్రగుడ్డ. నేను బడికెళ్లే రోజుల్లో నా స్కార్ఫు చింపి కట్టాడు. ఇక్కడే ఎక్కడో పడుంటుంది."

"అక్కా, అది నేను పెట్టిన..."

"మా నాన్న బండి నాకు తెలీదట్రా? వెతకమంటుంటే!"

చేతి తొడుగులు విసిరేసి మంచు తవ్వసాగింది. యోర్డిస్ మొహం తిప్పుకుంది.  టోర్కెల్ రాగ్న పక్కన మోకాళ్ల మీద కూలబడి, తనూ తవ్వడం మొదలుపెట్టాడు.